గోటితో గీరి చూస్తే

పలమనేరు, బైరెడ్డిపల్లె వైపు అడవి అంచున మామిడి పెట్టుకున్న రైతు తెల్లారి తోటలోకి అడుగుపెట్టగానే చెట్ల వైపు చూడడు, నేల వైపు చూస్తాడు. చేటంత పాదం గుర్తు ఒక్కటి కనబడితే చాలు, రాత్రి ఏం జరిగిందో అర్థమైపోతుంది. నాలుగేళ్ల తోతాపురి మొక్క నడుముకు విరిగి ఉంటుంది. ఇంకోటి వేళ్లతో సహా పక్కకు ఒరిగి ఉంటుంది. మూడోదాని బెరడు అరటినార ఒలిచినట్టు ఒలిచి వేలాడుతుంటుంది.

ఇంటికొచ్చి చెప్పగానే రెండు సలహాలు పుడతాయి. పీకి పారేసి కొత్త మొక్క పెడదామంటారు ఒకరు. నాలుగు బిందెల నీళ్లు పోసి, రెండు దోసిళ్ల యూరియా చల్లితే అదే తేరుకుంటుందంటారు ఇంకొకరు. రెండూ తొందర మాటలే. దెబ్బ తగిలిన రోజున ఆ మొక్కకు కావలసింది పారా కాదు, ఎరువు సంచీ కాదు. ముందు దాని పక్కన కూర్చుని, ఎంతవరకు బతికి ఉందో చూసేవాడు కావాలి.

చూడటానికి పరికరం ఏమీ అక్కర్లేదు, బొటనవేలి గోరు చాలు. విరిగిన కొన నుంచి మొదలుపెట్టి జానెడుకొకచోట బెరడు మీద సన్నగా గీరుకుంటూ కిందికి రావాలి. గీరిన చోట లోపల పచ్చగా, తడిగా ఉంటే అక్కడ ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా రాలితే ఆ మేర పోయినట్టు. ఆకులన్నీ ఎండి, చూసేవాళ్లు ఆశ వదిలేసిన మొక్క కూడా చాలాసార్లు మోకాలి ఎత్తున పచ్చగా గీరుకుంటుంది. దీనికి తిరగబడిన సంగతీ ఉంది. పైన ఆకులు నిగనిగలాడుతూనే ఉంటాయి, కింద మాత్రం మొక్క చావుకు సిద్ధమవుతూ ఉంటుంది. అది ఎలాగో తెలియాలంటే బెరడు చేసే పనేమిటో కొంచెం తెలియాలి.

చెట్టులో రాకపోకలకు రెండు దారులున్నాయి. వేళ్లు పీల్చిన నీళ్లు లోపలి కొయ్య గుండా పైకి పోతాయి. ఆకులు వండిన తిండి బెరడు లోపలి పొర గుండా కిందికి, వేళ్లకు దిగుతుంది. ఈ రెంటికీ నడుమ జిగటగా తగిలే పలచని పొర ఉంటుంది. కేంబియం అంటారు దాన్ని. కొత్త కొయ్యనూ కొత్త బెరడునూ పుట్టించేది అదే. మేక గానీ చెవులపిల్లి గానీ మొదలు చుట్టూ బెరడు కొరికేసిందనుకుందాం. లోపలి కొయ్య చెక్కుచెదరలేదు కాబట్టి నీళ్లు పైకి పోతూనే ఉంటాయి, ఆకులు వాడవు. వేళ్లకు మాత్రం కూడు అందదు. దాచుకున్నది ఉన్నన్నాళ్లు అవి నెట్టుకొస్తాయి. అందుకే అలాంటి మొక్క వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి పచ్చగా నిలబడి, తర్వాత ఒక్కసారిగా ఎండిపోతుంది. రైతేమో ఏదో తెగులు తగిలిందని మందుల అంగడికి పోతాడు.

ఈ ప్రాంతంలో గాయపరిచేవాటికి కొదవలేదు. ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి కుప్పం, పలమనేరు వైపుకు వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మందలు పులిచెర్ల, చంద్రగిరి మండలాల దాకా వచ్చి మామిడి తోటల్లో పడిన సందర్భాలున్నాయి. వాటిని అడవిలోకి మళ్లించడానికి 2025 మే నెలలో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులు తెప్పించి, పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం పెట్టారు. ఏనుగు దాడి పత్రికకెక్కుతుంది. మేక మేసిన మొక్క ఏ పత్రికకూ ఎక్కదు. దుక్కి దున్నుతూ ట్రాక్టరు కల్టివేటరు గీరిపోయిన మొదలు, కొండ గడ్డికి ఎవరో పెట్టిన నిప్పు పాకి సెగ తగిలిన మొక్క, మే నెల గాలివానకు చీలిన పంగ, ఇవన్నీ ఏ ఊళ్లో అయినా కనబడే గాయాలు. ఉపాధి హామీ పథకంలో మెట్ట భూముల్లో మామిడి పెట్టుకున్న చిన్న రైతుకు, కంచె లేని ఎకరంలో మేకే అసలు ఏనుగు.

మొదలు చుట్టూ బెరడు మొత్తం పోకుండా ఒకవైపు కాస్త మిగిలి ఉంటే భయం తక్కువ. ఆ మిగిలిన పట్టీ గుండా తిండి దిగుతూనే ఉంటుంది. గాయం అంచులు ఎగుడుదిగుడుగా చిరిగి ఉంటే పదునైన చాకుతో నునుపుగా సరిచేసి, ఊడి వేలాడే ముక్కలు తీసేస్తే చాలు. అప్పటికప్పుడు ఒలిచిన బెరడు ఇంకా తడిగానే ఉంటే, దాన్ని దాని చోట అదిమి పెట్టి తడిగుడ్డతో కట్టి, పైన ప్లాస్టిక్ కాగితం చుడితే అతుక్కునే అవకాశం ఉంది. గంటలు గడిచి ఎండిందంటే ఆ ఆశ పోయినట్టే.

చుట్టూ పూర్తిగా పోయినప్పుడు చేసే పని ఒకటుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ అంటుకట్టే చేతులకు కొత్తదేమీ కాదు. అదే రకం చెట్టు నుంచి పెన్సిలంత పుల్లలు తెచ్చి, ఒక కొన గాయానికి కింది బెరడులో, మరో కొన పై బెరడులో దూర్చి, వంతెన వేసినట్టు కట్టడం. పుల్ల మొదలు కిందికి, కొన పైకి ఉండాలి, తలకిందులైతే పని జరగదు. గాయం చుట్టూ రెండు మూడు వంతెనలు వేస్తే ఒకటి పట్టినా చెట్టు దక్కుతుంది. ఇంకో దారి, మొక్క పక్కనే టెంక మొలకను నాటి, దాని తలను గాయం పై భాగానికి అంటుకట్టడం. అంటే చెట్టుకు కొత్త కాలు పెట్టడం. వానాకాలంలో, బెరడు కొయ్య నుంచి తేలిగ్గా లేచే రోజుల్లో ఈ పనులు బాగా పడతాయి. పుల్ల ఇచ్చే కొమ్మకు వారం పది రోజుల ముందే ఆకులు కోసి తొడిమలు వదిలేస్తే మొగ్గ ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. ఈ ప్రాంతపు నర్సరీల్లో అంటుకట్టే కూలీలకు ఇదంతా చేతిలో పనే. వాళ్లలో ఒకరిని తోటకు పిలిపించుకోవడం కొత్త మొక్క కొనడం కన్నా ఖరీదు కావచ్చు, కాకపోవచ్చు. లెక్కలో వేసుకోవలసింది మాత్రం ఆ వేళ్ల వయసు. నాలుగేళ్లుగా ఎర్రనేలలో, గులకరాళ్ల సందుల్లో దారి వెతుక్కుంటూ దిగిన వేళ్లు ఏ నర్సరీ సంచిలోనూ దొరకవు.

ఇక విరిగిన కొమ్మ. దాన్ని అలా వదిలేయకూడదు, మచ్చుకత్తితో ఎడాపెడా నరకనూ కూడదు. కొమ్మ పుట్టిన చోట మానుకు ఉంగరంలా చిన్న ఉబ్బు ఉంటుంది. కోత ఆ ఉబ్బు బయటి అంచున పడాలి. మానుకు అంటుకునేలా లోపలికి కోస్తే గాయం పెద్దదవుతుంది, బెత్తెడు మొండెం వదిలేస్తే అది ఎండి, కుళ్లు లోపలికి దిగడానికి మెట్టు అవుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేలాది చెట్లను రంపంతో కోసి లోపల ఏం జరుగుతోందో చూశాడు. మనిషి పుండు మానినట్టు చెట్టు గాయం మానదని ఆయన 1977లో వివరించాడు. చెడిన భాగాన్ని చెట్టు బాగుచేసుకోదు, దాని చుట్టూ గోడ కట్టి వెలివేస్తుంది. ఆ తర్వాత పైనుంచి కొత్త కొయ్య కప్పుకుంటుంది. కాబట్టి కోతకు తారు పూసినా, సిమెంటు మెత్తినా ఆ గోడ కట్టే పని తొందరపడదు. పైగా లోపల తేమ నిలిచి చేటే జరగవచ్చు.

మరి మన ఉద్యాన శాఖ వాళ్లు బోర్డో పేస్టు పూయమంటారు కదా? అది వేరే సంగతి. తారులాగా గాయాన్ని మూయడానికి కాదది, ఎండుకొమ్మ తెగులు తెచ్చే శిలీంధ్రం కోసిన చోట దిగకుండా కాపలా కాయడానికి. దాని పుట్టుక కథ తోపుల యజమానులకు నచ్చుతుంది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల వాళ్లు, దారిన పోయేవాళ్లు పండ్లు కోసుకుపోతున్నారని, బాట పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి అసహ్యంగా కనబడేలా చల్లేవారు. ఆ తీగలకు మాత్రం బూజు తెగులు రాలేదని మిల్లార్డే అనే ప్రొఫెసర్ గమనించి, 1885లో ఆ మిశ్రమాన్ని లోకానికి చెప్పాడు. దొంగల కోసం కనిపెట్టింది తెగులుకు మందయింది.

తయారీలో చిన్న మెలకువ ఉంది. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు కలిస్తే పూతకు సరిపడే పేస్టు. మైలుతుత్తాన్ని ఒక పాత్రలో, సున్నాన్ని మరో పాత్రలో విడివిడిగా కరిగించి తర్వాత కలపాలి. పాత్ర మట్టిదో ప్లాస్టిక్‌దో అయి ఉండాలి గానీ ఇనుపది పనికిరాదు. కలిపాక తుప్పులేని ఇనుప చాకు మొన కాసేపు అందులో ముంచి తీస్తే, దాని మీద ఎర్రటి రాగి పూత కనబడిందా, సున్నం చాలలేదన్నమాట. ఇంకొంచెం సున్నపు తేట పోసి మళ్లీ చాకు ముంచాలి. పులుపు మిగిలిన మిశ్రమం లేత బెరడును కాల్చేస్తుంది. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి.

మామిడిలో ఇంకో మెలిక అంటు దగ్గర ఉంటుంది. తోటలో పెట్టేది రెండు మొక్కలు కలిసిన ఒక మొక్క. కింద టెంక నుంచి మొలిచిన నాటు, పైన బేనీషానో తోతాపురినో. దెబ్బ తగిలాక కిందినుంచి బలంగా చిగుళ్లు దూసుకొస్తే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. అవి అంటు అతుకుకు పైన వచ్చాయా, కింద వచ్చాయా? కింద వచ్చినవైతే అది నాటు చెట్టు. దాన్ని అలాగే పెంచితే అయిదారేళ్ల తర్వాత పీచు పుల్లటి కాయ కాసినప్పుడు గానీ పొరపాటు తెలియదు. అంటు భాగం బతికే ఉంటే కింది చిగుళ్లను వేళ్లతోనే తుంచేయాలి. అంటు పూర్తిగా పోయి ఉంటే మాత్రం ఆ కింది చిగుళ్లే వరం. వాటిలో నిటారుగా, బలంగా ఉన్న ఒకదాన్ని ఉంచి, పుల్ల పట్టేంత లావైనాక తోటలోనే దాని మీద కోరిన రకం అంటు కట్టించవచ్చు. వేళ్లు పాతవి కాబట్టి ఆ అంటు నర్సరీ మొక్క కన్నా చురుగ్గా లేస్తుంది.

చీనీ, నిమ్మల సంగతి కొంచెం వేరు. వాటికి మొదలు దగ్గర దెబ్బ తగిలితే ముందు భయపడవలసింది బంక తెగులుకే. అంటు అతుకు మట్టిలో పూడకుండా, పాదు నీళ్లు మొదలును తాకకుండా మాను చుట్టూ మట్టి ఎగదోసి, దానికి అవతల పాదు చేయడం తిరుపతి నిమ్మ పరిశోధన కేంద్రం చుట్టుపక్కల రైతులకు తెలిసిన పద్ధతే. సీతాఫలానికి ఈ హంగామా ఏదీ అక్కర్లేదు. నేలమట్టానికి కోసినా మొండిగా మళ్లీ లేస్తుంది.

గాలివానకు ఒరిగిన మొక్కను నిలబెట్టడానికి గడువు చాలా తక్కువ. వేళ్లు ఎండకముందే, నేల మెత్తగా ఉండగానే, ఒకటి రెండు రోజుల్లో ఆ పని కావాలి. బలం కొద్దీ ఒక్క ఊపున లాగితే ఇటువైపు మిగిలిన వేళ్లు కూడా తెగుతాయి. బయటపడ్డ వేళ్ల కింద మట్టి తవ్వి చోటు చేసి, మెల్లగా లేపి, గోతిని మట్టితో కూరి తొక్కాలి. సగం వేళ్లు పోయిన చెట్టు పాత ఆకులన్నిటికీ నీళ్లు మోయలేదు కాబట్టి మూడో వంతు కొమ్మ తగ్గించాలి. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను తుడిచిపెట్టిన తర్వాత కూలిన చెట్లను మళ్లీ నిలబెట్టే ప్రయత్నాలు జరిగాయి. అక్కడైనా ఇక్కడైనా సూత్రం ఒకటే, పైభారం తగ్గాలి, వేరుకు తడి ఉండాలి.

నిలబెట్టాక ఊతం. మూడు వైపుల గుంజలు పాతి తాడుతో కడతారు. కట్టే తాడు బెరడును కోయకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలో దూర్చితే మేలు. అయితే బిగించి కట్టడమే మంచిదనుకోవడం పొరపాటు. గాలికి కాస్త ఊగే మాను మొదలు దగ్గర లావెక్కుతుంది, వేళ్లను వెడల్పుగా తన్నుతుంది. కదలకుండా కట్టేసిన మొక్క పొడుగ్గా సాగుతుందే తప్ప మొదలు ఊరదు. తీరా గుంజ తీసిన రోజు తిరిగి ఒరుగుతుంది. ఏడాది తిరిగాక కట్లు విప్పి చూడకపోతే ఆ ట్యూబే ఉరితాడవుతుంది.

నీళ్ల దగ్గరే తెలివైన రైతు కూడా తప్పు చేసేది. 2021 నవంబరు 18, 19 తేదీల వానకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. అలాంటి వరద తర్వాత నీళ్లు నిలిచిన తోటలో లేత మొక్కలు తలలు వాల్చేస్తాయి. చూడటానికి అచ్చం ఎండకు వాడినట్టే ఉంటుంది. అసలు జరిగింది దానికి పూర్తిగా వేరు. మట్టిలో గాలి ఆడక వేళ్లు ఊపిరందక ఆగిపోయాయి, పీల్చే శక్తి లేక చుట్టూ నీళ్లుండగానే మొక్క దాహంతో ఉంది. అక్కడ ఇంకో బిందె పోయడం మునిగినవాడికి మంచినీళ్లు ఇచ్చినట్టే. కాలువ తీసి నీళ్లు పంపించాలి. మొదలు చుట్టూ పేరుకున్న ఒండ్రు తోడెయ్యాలి, అంటు అతుకు మీదిదాకా ఒండ్రు నిలిస్తే బెరడు కుళ్లుతుంది. నేల ఆరాక పైపెచ్చు పగలగొట్టి గాలి ఆడనివ్వాలి. వేరుకుళ్లు అనుమానం ఉన్నచోట లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పాదులో పోయడం మామూలుగా చెప్పే వైద్యం.

కరువు ఏళ్లలో కథ తిరగబడుతుంది. బోర్లు ఎండిపోతే ట్యాంకర్లతో నీళ్లు కొని తోటలను కాపాడుకున్న వాళ్లు ఈ ప్రాంతంలో ఎందరో. అలాంటప్పుడు పాదులో కుండ పూడ్చి నింపితే చుక్కచుక్కగా ఊరి వేరుకు అందుతుంది, ఎండకు ఎగిరిపోయేది తక్కువ. పాదు మీద వేరుశనగ పొట్టో చెరకు ఆకో పరిస్తే తడి ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. ఒక్క జాగ్రత్త, ఆ పరుపు మాను మొదలుకు బెత్తెడు దూరంలోనే ఆగాలి. తగిలిందంటే చెదలకు నిచ్చెన వేసినట్టే. చెద మానుకు ఎంత చేటు చేయగలదో తెలంగాణలో పిల్లలమర్రి చూపించింది. 700 ఏళ్ల నాటిదని చెప్పే మహబూబ్‌నగర్ మర్రి 2017 చివర కూలబారితే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కలుగా చెదల మందు ఎక్కించారు. ఊడలకు గొట్టాలు తొడిగి నేలకు దింపారు. అంతటి మహావృక్షానికి ఆ ఏర్పాటు నప్పింది. నాలుగేళ్ల మామిడికి మొదలు శుభ్రంగా ఉంచడమే సెలైన్.

కొమ్మలు పోయాక మరో శత్రువు ఎండ. అన్నాళ్లూ ఆకు నీడలో ఉన్న మాను ఒక్కసారిగా తిరుపతి మే నెల ఎండకు బయటపడుతుంది. పడమటి వైపు బెరడు కాగి పగులుతుంది. ఆ పగులు చూసే కాండం తొలిచే పురుగు గుడ్డు పెడుతుంది. మొదలు దగ్గర రంపపు పొట్టులాంటిది రాలుతోందంటే అది లోపల చేరినట్టు. సైకిల్ పుల్ల రంధ్రంలో దూర్చి పురుగును పొడిచి చంపడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పని చేస్తుంది. రాకుండా చూసుకోవాలంటే మానుకు పలచగా సున్నం కొట్టడం చాలు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. గుడి ముందు చెట్లకు అందానికి కొట్టే సున్నం తోటలో బెరడును కాపాడుతుంది. మేకలు మళ్లీ ముట్టకుండా చుట్టూ రేగుకంప, ఆకుల మీద పేడనీళ్లు. వాసనకే మేక మూతి తిప్పుకుంటుంది.

ఎరువు ఎప్పుడన్నది తరచుగా వచ్చే ప్రశ్న. కొమ్మ విరిగిన వారంలో పోసిన యూరియా మొక్కకు బలం ఇవ్వదు. సగం పోయిన వేళ్ల దగ్గర ఉప్పు పెరిగి ఉన్నవీ మాడతాయి. ఒకవేళ పట్టినా, మెత్తటి చిగురును బలవంతంగా తోసి తేనెమంచు పురుగును పిలిచినట్టవుతుంది. మామూలు రోజుల్లోనే మొదటి ఏడాది మామిడికి సిఫారసు చేసే నత్రజని 100 గ్రాములు. ఏటా మరో 100 పెంచుకుంటూ పదో ఏటికి కిలోకు తీసుకెళతారు. గాయపడ్డ ఏడాది ఆ లెక్క ముందుకు సాగకపోయినా నష్టం లేదు. చివికిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి, అంతే.

ఇక పూత. దామలచెరువు మార్కెట్‌కు కాయ తోలే రైతులకు పూత చూస్తే కడుపు నిండుతుంది. మూడేళ్ల లోపు అంటుకు పూత తుంచేయమని చెబితేనే చేతులు రావు. దెబ్బతిన్న మొక్క దగ్గర ఇది ఇంకా కష్టం, ఎందుకంటే అలాంటి మొక్కే ఒక్కోసారి ముందెన్నడూ లేనంతగా పూస్తుంది. చూసినవాళ్లు కోలుకుందని మురుస్తారు. జరిగింది వేరే. బెరడు తెగిన చోటికి పైన తిండి కిందికి దిగే దారి లేక కొమ్మల్లోనే నిలవ పడింది, ఆ నిలవే పూతగా విచ్చింది. వేళ్లు పస్తున్నాయి, కొమ్మలు పెళ్లి చేసుకుంటున్నాయి. ఆ కంకులను మొదట్లోనే తుంచేసి, పండే కాయకు పోవలసిన బలాన్ని ఆకుకూ వేరుకూ మళ్లించడం తప్ప మార్గం లేదు.

తిరిగి నిలదొక్కుకున్న మొక్క ముందుగా చిగురుతోనే కబురు చెబుతుంది. మొదటి చిగురు లెక్కలోకి రాదు, అది దాచుకున్న దాని మీద వచ్చేది. రాగిరంగులో వచ్చి, వేలాడి, నెమ్మదిగా పచ్చబడి, గట్టిపడే దాకా ఆగాలి. దాని కొనన మళ్లీ రెండో చిగురు లేచిందంటే కొత్త ఆకు వండిన తిండి వేరుకు చేరిందని అర్థం. అప్పుడు నడుము ఎత్తుకు కాస్త పైన నుంచి నలుదిక్కులకూ పోయే మూడు నాలుగు కొమ్మలు ఎంచుకుని మిగతావి తీసేస్తారు, ఒకే చోట పుట్టి పంగ చీలేవి కాకుండా మెట్లుమెట్లుగా పుట్టినవి చూసుకుని. ఈ ఎంపిక ఆషాఢం వానలు పడ్డాక చేస్తే కోతలు ఎండలో కాగవు. ఆ రోజే గుంజ దగ్గరికి వెళ్లి, కట్టిన సైకిల్ ట్యూబును రెండు వేళ్లు దూరేంత వదులు చేసి, మొక్క తనంతట తాను ఎంత ఊగుతుందో చేత్తో తోసి చూసి, ఇంకో ఆరు నెలల కోసం మళ్లీ కడతారు, ఈసారి ముందటి కన్నా వదులుగా.